నల్లయిసుక, రెజిన్, రేడియో తరంగం

గోదావరి పాయలు కడలిలో కలిసే తీరాన నల్లని ఇసుక చారలు కనబడతాయి. అందులో ఇల్మనైట్‌తోపాటు కొద్దిగా రూటైల్ ఉంటుంది. రూటైల్ అనగా టైటానియం డయాక్సైడు. దాని రోధక స్థిరాంకం సుమారు 100. ఈ అంకం పెరిగినకొద్దీ పదార్థంలో రేడియో తరంగం పొట్టిదవుతుంది, ఆంటెన్నా చిన్నదవుతుంది.

కాని పింగాణీని కొలిమిలో కాల్చాలి. కాల్చితే కుంచించుకుపోయి కొలతలు తప్పుతాయి. పొడిచేసి రెజిన్‌లో కలిపితే? రెజిన్ అంకం 3. ఘనపరిమాణంలో చెరిసగం కలిపితే సరాసరి 51.5 రావాలనిపిస్తుంది. 1926లో లిక్టెనెకర్ చెప్పిన సూత్రం ప్రకారం వచ్చేది 17! రేణువుల నడుమ రెజినే అడ్డుపడుతుంది మరి. ఆ 17 అయినా తరంగాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తుంది.

1984లో అమెరికాలో చార్లెస్ హల్, ద్రవ రెజిన్‌ను అతినీలలోహిత కాంతితో పొరపొరగా గట్టిపరచి వస్తువులు తయారుచేసే పద్ధతికి పేటెంటు కోరాడు. అయితే పెయింట్లకు తెల్లదనమిచ్చే రూటైల్ గుణమే ఇక్కడ శత్రువైంది: కాంతిని చెదరగొట్టి లోతుకు పోనివ్వదు. పొడి హెచ్చితే రెజిన్ ముద్దకడుతుంది కూడా. అందుచేత పొరలను వెంట్రుకకంటె పలుచగా పరచవలసి వస్తున్నది.