కిరాయి కోసం కట్టిన హైదరాబాద్

పాత హైదరాబాద్‌లో కిరాయి రాబడి అంటే ముందు లెక్కకొచ్చేది ఇల్లు కాదు, మల్గీ. బజారు వైపు తలుపు తెరుచుకునే కొట్టుగదికి ఇక్కడి పేరు అది. మసీదుకో గుడికో ఆనుకుని నాలుగు మల్గీలుంటే దీపం ఖర్చు వాటి మీద వెళ్లిపోయేది. దేవిడీ, అంటే నవాబు భవంతి, దాని ప్రహరీ రోడ్డు పక్కన పడితే నవాబు ఆ గోడ వెంట మల్గీలు దించి కిరాయికిచ్చేవాడు. తర్వాతి రోజుల్లో పత్తర్‌గట్టీని రాతి కమానులతో కట్టినప్పుడు కూడా పద్ధతి అదే, కింద దుకాణాలు, పైన నివాసాలు. చోటు ఎంపికకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ పోయే బాటల్లో జనం ఎక్కడ ఎక్కువ నడిస్తే అక్కడ కిరాయి ఎక్కువ.

ఇంటిని కిరాయికివ్వడానికే కట్టడం వేరే సంగతి. దానికి నెల తిరిగేసరికి జీతం రొక్కంగా అందుకునే మనిషి కావాలి. ఆ మనిషి సొంతూరికి దూరంగా ఉండాలి. అలాంటివాళ్లు మొదట గుంపుగా కనిపించింది హుస్సేన్‌సాగర్ అవతల. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో వచ్చిన ఈస్టిండియా కంపెనీ సైన్యం దిగిన చోటుకు 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. దండులో భూమి సర్కారుది, దాని మీది బంగళా మాత్రం చాలాచోట్ల ప్రైవేటు వ్యక్తిది. కొన్నాళ్లకే బదిలీ అయిపోయే అధికారి బంగళా కొనడు, కిరాయికి దిగుతాడు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చాక రైల్వే ఉద్యోగులూ వర్తకుల గుమాస్తాలూ వీళ్లకు తోడయ్యారు. ఊరి రెండు సగాలకూ తేడా అక్కడే పడింది. ఇవతల కిరాయి బజారును అంటిపెట్టుకుని ఉంటే, అవతల కొలువు వెంట పోయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఏటి ఒడ్డున ఇరుకు బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, మురికివాడలు తీసేసి మల్లేపల్లి, నాంపల్లి వంటి చోట్ల వరసల్లో ఇళ్లు కట్టించి చిన్న జీతాల వాళ్లకు కిరాయికిచ్చింది. ఆ రోజుల్లో ఊళ్లో పెద్ద ఇంటి యజమాని సర్కారే అనాలి. 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఊరు విడిచి పోరని ఓ మాట పుట్టింది. మాట సరదాదే గానీ, గండిపేట గొట్టం పోయిన వీధికీ పోని వీధికీ కిరాయిలో తేడా మాత్రం సరదాది కాదు. 1932లో నిజాం రైల్వే బస్సులు మొదలుపెట్టింది. నీళ్ల గొట్టం, బస్సు, కొలువు ఉన్న చోటు. కిరాయికి కట్టేవాడు చూసుకోవాల్సిన మూడూ అప్పటికే ఊళ్లోకి వచ్చేశాయి.

వాటి అసలు బలం 1956 నవంబరు 1 తర్వాత తెలిసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారింది. ఫైళ్లతో పాటు గుమాస్తాలూ, సూపరింటెండెంట్లూ, వాళ్ల పిల్లలూ దిగారు. సచివాలయం సైఫాబాద్‌లో ఉంది. సైకిలు మీదో కాలినడకనో అక్కడికి చేరగలిగిన ఖైరతాబాద్, హిమాయత్‌నగర్, నారాయణగూడ, దోమల్‌గూడ, చిక్కడపల్లిలో ఇంటికి గిరాకీ వచ్చింది. ఉన్న ఇళ్లు చాలలేదు. యజమాని ముందు గదుల్లో సర్దుకుని వెనక భాగానికి వేరే తలుపు పెట్టాడు, మేడ మీద రెండు గదులు లేపాడు. కోస్తావాళ్లు వాటా అనే దాన్ని ఇక్కడ పోర్షన్ అన్నారు. అద్దె, కిరాయి అనే రెండు మాటలూ ఒకే గుమ్మం ముందు కలుసుకున్నది కూడా అప్పుడే. ఎవరికివ్వాలన్న లెక్కలో కులం, మతం, వంటింటి వాసన ముందు నుంచీ ఉన్నాయి. శాకాహారులకే అని రాసిన బోర్డు వెనక ఏముందో ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ వివక్ష ఇప్పటికీ పోలేదు.

ఊరు అంచులకు పాకడానికి చట్టం కూడా తన వంతు తోపు తోసింది. 1954 నాటి హైదరాబాద్ అద్దె చట్టం స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె ఎంతో రెంట్ కంట్రోలర్ తేలుస్తాడు. చట్టంలో చెప్పిన కారణాలుంటే తప్ప యజమాని ఖాళీ చేయించలేడు. అయితే ఇదే చట్టం ఒక పెద్ద సందు వదిలింది. 1957 ఆగస్టు 26 నాడు గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలకు ఇది వర్తించదంది. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించడం ఉద్దేశం. దాంతో పాత బజార్లలో అద్దె గడ్డకట్టింది. తాతల నాటి కిరాయికే మల్గీ పట్టుకుని కూర్చున్న వ్యాపారి, దాన్ని వదలాలంటే పగిడీ పేరుతో రొక్కం అడిగే స్థితి వచ్చింది. డబ్బున్నవాడికి కొత్త గోడ లాభసాటి అయింది, కొత్త గోడకు ఖాళీ జాగా ఊరి బయటే దొరుకుతుంది. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో కొట్టేసింది. ఇరవై ఆరేళ్ల కింద కట్టిన ఇంటిని ఇంకా కొత్తదనడం ఏమిటన్న ప్రశ్న సబబైనదే. వెంటనే ప్రభుత్వం మరో ఉత్తర్వుతో, కట్టి పదేళ్లు నిండని భవనాలకూ, నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకూ మినహాయింపు ఇచ్చింది. 2005లో కార్పొరేషన్ల పరిధిలో ఆ హద్దు 3,500 అయింది. ఇవాళ ఆ సొమ్ముకు నగరంలో ఒక గది దొరకడమే కష్టం. అంటే అద్దెకిచ్చే ఫ్లాట్లలో దాదాపు అన్నీ ఆ చట్టానికి బయటే ఉన్నాయి. మిగిలింది పదకొండు నెలల కాగితం. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్న పాత లెక్కతో పదకొండు నెలలు. అడ్వాన్సు కింద రెండు నెలల అద్దె తీసుకోవడం ఇక్కడ మామూలు. బెంగళూరులో పది నెలలది అడిగిన రోజులతో పోలిస్తే ఇది చవక. ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడు తొలి నెలే గది తీసుకోగలగడానికి ఇదొక కారణం.

1960 దశకం కేంద్ర ప్రభుత్వ కర్మాగారాలది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, అటు వైపే హెచ్ఎంటీ, తూర్పున 1967లో ఈసీఐఎల్ వచ్చాయి. ఇవి తమ వాళ్లకు క్వార్టర్లు కట్టుకున్నాయి. పైపైన చూస్తే అద్దె ఇంటికి ఇది దెబ్బే. జరిగింది వేరు. క్వార్టరు దొరకనివాళ్లు, చిన్న విడిభాగాల షెడ్లలో పనిచేసేవాళ్లు, ఫ్యాక్టరీని నమ్ముకున్న దుకాణాల వాళ్లు ప్రహరీ బయట ఇల్లు వెతికారు. చందానగర్, లింగంపల్లి, చింతల్, కుషాయిగూడలలో కిరాయి ఇళ్లు అలా పెరిగాయి. ఈసీఐఎల్‌కు పునాది వేసిన ఎ.ఎస్. రావు పేరుతో ఒక నగరే లేచింది. క్వార్టర్లలో ఉంటూనే బయట ప్లాటు కొని నాలుగు పోర్షన్లు వేసినవాళ్లు రిటైరయ్యే నాటికి వాటిలో ఒకదాంట్లోకి మారి మిగతా మూడింటి అద్దెతో బతికారు. హైదరాబాద్‌లో అద్దె కోసం ఇల్లు కట్టిన మధ్యతరగతి మనిషికి అచ్చమైన నమూనా ఇదే. పింఛను అతనికి ఇటుకల రూపంలో వచ్చింది.

హౌసింగ్ బోర్డు కాలనీల కథా ఇలాంటిదే. కూకట్‌పల్లి కాలనీలోనో వెంగళరావునగర్‌లోనో చిన్న ఆదాయాల వాళ్ల కోసం కట్టిన ఎల్ఐజీ ఇల్లు దొరికినవాడు దాని మీద ఒక అంతస్తు, వీలైతే ఇంకొకటి వేసి అద్దెకిచ్చాడు. బోర్డు గీసిన ప్లాను పైకి పోయేకొద్దీ గుర్తు పట్టరాకుండా మారింది. 1976 పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్‌లో ఒక మనిషికి 1,000 చదరపు మీటర్ల ఖాళీ జాగా మించకూడదంది. మిగులు భూమి సర్కారుకు పోతుందన్న భయంతో చాలామంది ముక్కలు చేసి నోటరీ కాగితాల మీద అమ్మేశారు. ఆ కాగితాలు తర్వాతి తరానికి కోర్టు పనిగా మిగిలాయి. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చాక యజమానీ కిరాయిదారూ ఒకే గేటు లోపల ఉండడం తగ్గింది. అద్దె వసూలు బావమరిదికో వాచ్‌మన్‌కో అప్పగించి ఎక్కడో ఉండే యజమాని వచ్చాడు. తర్వాత అమెరికా నుంచి డబ్బు పంపి ఫ్లాట్ కొన్న తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు అలవాటైన దారి అయింది.

1980, 90లలో టు-లెట్ బోర్డు మీద గదుల లెక్క పక్కనే నీళ్ల సంగతి ఉండేది. మంజీరా కనెక్షన్ ఉందా, బోరు ఒక్కటేనా? వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు, ట్యాంకరు డబ్బులు ఎవరివన్న తగాదా. 2004లో కృష్ణా, 2015లో గోదావరి నీళ్లు వచ్చేదాకా పడమటి కాలనీల్లో ఏ వీధి ఇల్లు ఖాళీగా పడి ఉంటుందో, ఏది ఉండదో నీళ్లే తేల్చాయి.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ బండరాళ్లు. దాని పక్కన ప్లాటు కొన్నవాడికి ధర పెరిగింది గానీ అద్దెకు మనిషి దొరకడానికి ఏళ్లు పట్టింది. అక్కడ పనిచేసేవాళ్లు హోటళ్లూ కిరాణా కొట్లూ బస్సులూ ఉన్న అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లిలో ఉన్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సులు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, అశోక్‌నగర్‌లో సివిల్స్, గ్రూప్స్ అభ్యర్థులు. వీళ్లకు ఇల్లు కాదు, మంచం కావాలి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటును ఆరు మంచాలుగా లెక్కగట్టిన యజమాని కుటుంబానికిచ్చిన పక్క ఫ్లాటు యజమానిని మించి సంపాదించాడు. హాస్టల్ అనే వ్యాపారం ఇలా పోర్షన్ కడుపునే పుట్టింది.

మాదాపూర్ నిండాక కిరాయి దానికి ఆనుకున్న ఇరుకు సందుల్లోకి పోయింది. గురుకుల్ ట్రస్టు భూముల్లోని అయ్యప్ప సొసైటీ దానికి పెద్ద ఉదాహరణ. టవర్ల నుంచి నడిచిపోయే దూరం, కట్టడాలకు అనుమతి లేదు. 2014 జూన్‌లో జీహెచ్ఎంసీ అక్కడ కూల్చివేతలు చేపట్టింది. హాస్టళ్లు మాత్రం అక్కడే నిలిచాయి. కిరాయిదారు లింకు డాక్యుమెంటు, అంటే పాత యాజమాన్యపు కాగితం, అడగడు, అడిగేది బ్యాంకు. కాబట్టి అద్దె బాగా వచ్చే చోటూ, నిశ్చింతగా కొనదగిన చోటూ ఒకటే కానక్కర్లేదు.

ధరకూ అద్దెకూ మధ్య ఎడం 2000 తర్వాత బాగా పెరిగింది. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు పోయినప్పుడు ఆ దారిలో వెంచర్ల జెండాలు లేచాయి. ప్లాట్లు చేతులు మారాయి, అద్దె ఇళ్ల గిరాకీ ఆ ఊపున రాలేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పొడవునా ఇదే తంతు. కొనేవాడు రేపటి రోడ్డును చూసి ధర కడతాడు, కిరాయిదారు ఇవాళ్టి జీతం లోంచి ఇస్తాడు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. ఆ ధరకు తగ్గట్టు అద్దె పెంచితే కట్టగలిగే జీతాలు లేవు. నగరం మొత్తం మీద ఏడాది అద్దె ఇంటి ధరలో మూడు నాలుగు శాతం దాటడం అరుదు. అందులోంచే ఆస్తి పన్ను, రంగులు, మనిషి మారే మధ్య ఖాళీ నెలలూ పోవాలి. ఇక 1996 నాటి 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. ఆ ఉత్తర్వు పోతుందన్న పుకారు మీదే అక్కడ భూమి పాతికేళ్లు చేతులు మారింది. పుకారుకు అద్దె కట్టేవాళ్లు ఉండరు గనుక కిరాయి మార్కెట్ ఆ గ్రామాల దాకా పెద్దగా పోలేదు.

2017 నవంబరులో నాగోల్–మియాపూర్ మెట్రో మొదలైంది, 2019లో రాయదుర్గం దాకా పాకింది. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ వైపు తక్కువ అద్దెకుంటూ పడమటికి ఉద్యోగానికి పోవడం వీలైంది. 1956లో సైకిలు గీసిన గీత వెడల్పయింది, అంతే. 2020లో కొవిడ్ వచ్చి ఆఫీసులు ఇళ్లకు మారాయి. ముందు ఖాళీ అయినవి హాస్టళ్లు. అమీర్‌పేటలో, మాదాపూర్‌లో భవనం లీజుకు తీసుకుని మంచాలు వేసినవాళ్లు యజమానికి కట్టలేక చేతులెత్తేశారు. పాత కాలనీల్లో కుటుంబాలున్న పోర్షన్లు అంతగా కదల్లేదు. పిల్లల బడి, బియ్యం కొట్టు, తెలిసిన డాక్టరు ఉన్నచోటు నుంచి కుటుంబం తేలిగ్గా లేవదు. ఆఫీసులు మళ్లీ పిలిచాక మంచాలూ నిండాయి, ఈసారి ఎక్కువగా గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దగ్గర.