మన ఇంటిని 'కచ్చా' అన్నది ఎవరు?

పోస్టు పొడుగ్గా ఉంటది. తీరిక చూసుకొని చదవండి.

మా హాస్టల్ రూములో ఐదుగురం ఉంటం. ముగ్గురం గోండులం, ఒకరు కొలాం, ఒకరు నాయక్‌పోడ్. ఐదుగురి ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు మాలో ఒకరి ఇంటికి కొత్త ఇల్లు మంజూరైంది. చూడటానికి వచ్చినాయన కాగితం మీద పాత ఇంటిని 'కచ్చా' అని రాసుకొని పోయిండు. అందరం సంబరపడ్డం. అవ్వ ఒక్కతే అడిగింది: "ఇది కూలగొడితే విత్తనాలు ఎక్కడ కట్టాలె బిడ్డా?" మా దగ్గర జవాబు లేదు. డిగ్రీ పుస్తకాలు చదువుతున్నం గాని మనం పుట్టిన ఇల్లు ఎట్ల నిలబడ్డదో తెలియదు. ఆ రోజు నుంచి పెద్దలను అడిగి, లైబ్రరీలో దొరికినవి చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నం.

ముందు ఇల్లు సంగతి. నడుమ నిట్టాడి, చుట్టూ గుంజలు. టేకో మద్దో, చెద తొందరగా పట్టని కట్టె చూసి నాటేవాళ్లు. వెదురు చీల్చి తడకలు అల్లి గోడలు నిలిపేవాళ్లు. మన్నులో పెండ, గడ్డి తునకలు కలిపి, కాళ్లతో తొక్కి, తడకకు రెండు దిక్కులా మెత్తేవాళ్లు. గడ్డి తునకలు ఉంటే మన్ను ఎండినప్పుడు పగుళ్లు తక్కువ. పెండ ఆ మన్నును పట్టి ఉంచుతది. పైన వాసాలు, బొంగులు, వాటి మీద మందంగా గడ్డి. గడ్డి పొరల నడుమ గాలి నిలుస్తది కాబట్టి ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. కప్పు ఏటవాలుగా ఉంటే వాన నీళ్లు నిలవకుండా జారిపోతయి. చూరు ఎందుకంత కిందికి ఉంటదో, తల ఎందుకు వంచుకొని పోవాల్నో చిన్నప్పుడు అర్థం కాలేదు. వాన చినుకు మట్టి గోడకు కొట్టకుండా, ఎండ గోడ మీద పడకుండా అది గొడుగు లెక్క. వారం వారం అలుకుడు అంటే గోడకు, నేలకు మరమ్మతు చేసుడే.

ఈ ఇంట్లో కొని తెచ్చింది దాదాపు ఏమీ లేదు. ఇల్లు పాతబడితే పడేసేది కూడా ఏమీ లేదు. గడ్డి కుళ్లి ఎరువైతది, మన్ను మన్నులో కలుస్తది, బాగున్న గుంజ మళ్లీ కొత్త ఇంటికే పోతది. ఇప్పుడు పట్నంల పర్యావరణానికి మేలు చేసే ఇల్లు అని పెద్ద పెద్ద ఫీజులు కట్టి గీయించుకునేది కూడా ఇసొంటి లెక్కలతోనే.

మరి ఇంత తెలివైన ఇల్లు ఎందుకు పాడైంది? మనవాళ్లకు చేతకాక కాదు. చరిత్ర చూడాలె.

ఇంటికి కావలసినవి ఐదు: కట్టె, వెదురు, గడ్డి, నార, మన్ను. అందులో నాలుగు అడివిలోనివే. నిజాం రాజ్యంలో అడవులకు హద్దులు గీసి రిజర్వు చేసినంక పోడు మీద ఆంక్షలు వచ్చినయి. కట్టెకు, మేతకు కట్టుబాట్లు వచ్చినయి. హద్దు లోపల పడ్డ గూడేలను లేవగొట్టిండ్రు. ఇండ్లు తగలబెట్టి మనవాళ్లను వెళ్లగొట్టిన సంగతులు హైమన్‌డార్ఫ్ తన పుస్తకాల్లో రాసిండు. కుమ్రం భీం బాబేఝరి, జోడేఘాట్ దిక్కున భూమి కోసం, అడివి కోసం నిలబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిండు. జల్, జంగల్, జమీన్ అని మనం ప్రతి ఏడు వర్ధంతికి నినాదం ఇస్తం. ఆ జంగల్ అన్న మాటలో మన ఇంటి వాసం, మన ఇంటి గడ్డి కూడా ఉన్నయని ఇన్నేండ్లు మేం ఆలోచించలేదు.

భీం చనిపోయినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకొని మనవాళ్ల నడుమనే ఉన్నరు. ఆ తర్వాత వేల ఎకరాలకు పట్టాలు వచ్చినయి. 1943లో మార్లవాయిలోనే గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. మేం ఇయ్యాల కాలేజీలో ఉన్నమంటే దాని మొదలు అక్కడ ఉంది. చేనుకు పట్టా కాగితం వచ్చింది సరే, గుంజ కొట్టుకునే, వెదురు తెచ్చుకునే హక్కుకు అసొంటి కాగితం రాలేదు.

వెదురు సంగతి వేరేగా చెప్పాలె. బ్రిటిష్ వాళ్ల 1927 అటవీ చట్టం వెదురును చెట్టు కింద లెక్కగట్టింది. నిజానికి వెదురు గడ్డి జాతి. నిజాం ఇలాకాకు చట్టం వేరే ఉన్నా, అడివి సర్కారుది అన్న మాట మాత్రం ఒకటే. అదే కాలంలో సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చింది, 1942 నాటికి కాగితం తీయడం మొదలైంది. ఆ ఊరు పేరే కాగజ్‌నగర్ అయింది. ఆ కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు వెదురు. బుట్టలు, చాపలు అల్లి బతికే కొలాం తాత నాలుగు బొంగులు తెస్తే దొంగ. లారీల కొద్దీ పోతే పరిశ్రమ. మా రూములో కొలాం తమ్ముడు ఇది విని చానాసేపు మాట్లాడలేదు. "మేం రాసుకున్న నోటుబుక్కులల్లో మా తాత తడక ఉండొచ్చు" అన్నడు.

ఇట్ల ఏండ్లు గడిచినయి. గుంజ లావు తగ్గింది. రెండు మూడేండ్లకు మార్చాల్సిన గడ్డి ఐదారేండ్లకు గాని మార్చలేకపోయిండ్రు. చూరు పొట్టిగైంది, గోడ తడిసింది, ఇల్లు కురిసింది. అడివి మీద హక్కు పోయినంకనే ఇల్లు బలహీనమైంది. ఆ బలహీనమైన ఇంటినే చూసి కాగితంల 'కచ్చా' అని పేరు పెట్టిండ్రు. ఆ పేరు మన నోట్లకు కూడా వచ్చింది. ఇంటర్‌లో దోస్తులు వస్తమంటే మా ఇండ్లు చూపియ్యడానికి సిగ్గుపడ్డం. ఈ మాట రాయడానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గైతున్నది.

అట్లని పాత ఇంట్లో అంతా మంచే అని చెప్పం. స్లాబు కింద పడుకొని గుడిసెను పొగడుడు తేలిక. కిటికీ లేని ఇంట్లో కట్టెల పొయ్యి పొగ గడ్డికి పురుగు పట్టకుండా, చూరుకు కట్టిన విత్తనం పాడు కాకుండా కాపాడింది నిజమే. అదే పొగ మా అవ్వల కండ్లను, ఊపిరితిత్తులను తిన్నది. ఇంట్లో వంట పొగతో లోకంలో ఏటా లక్షల మంది చనిపోతున్నరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. నిప్పు రవ్వ పడితే గడ్డి కప్పు నిమిషాల్లో పోతది. వానాకాలం పాము భయం. పక్కా ఇల్లు కావాలని మన తల్లులు అడుగుడు న్యాయమే.

కాని పక్కా పేరుతో వచ్చేదాన్ని కూడా కండ్లు తెరిచి చూడాలె. సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటు తయారైతది. లోకంలో మనుషుల వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడులో సుమారు 7, 8 శాతం సిమెంటుదే. పగలు ఎండకు కాలిన స్లాబు రాత్రంతా వేడి వదులుతది. మే నెలల మనోళ్లు కొత్త ఇంటికి తాళం వేసి పాత చూరు కింద మంచాలు వేసుకుంటరు, మీ గూడెంల కూడా చూసే ఉంటరు. ఇంక ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. ఆ రేకులను కోయొద్దు, రంధ్రాలు కొట్టొద్దు, పగిలిన ముక్కలను పిల్లలకు ఆడుకోనియ్యొద్దు.

అందుకే మాకు తోచింది, కొత్త ఇల్లు కట్టుకుందాం, పాత ఇంటి తెలివిని అందులోకి తెచ్చుకుందాం. ఎదురెదురుగా రెండు కిటికీలు పెడితే గాలి ఆడుతది. వంటకు వేరే గది, పైన పొగ గొట్టం. స్లాబు మీద తెల్లసున్నం వేస్తే వేడి తగ్గుతది. ముందర వెదురు, గడ్డితో చూరు దించుకుంటే అరుగు చల్లగుంటది, పొయ్యి మాత్రం దానికి దూరంగా ఉండాలె. కేరళలో లారీ బేకర్ ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే గోడలు కట్టించిండు. ఇటుకలు తక్కువ పడతయి, ఆ ఖాళీ వేడిని ఆపుతది. మన మేస్త్రీలు కూడా నేర్చుకోవచ్చు. ఇంకొక్క మాట, మలేరియా మందు గోడకు కొట్టినంక కొన్ని వారాలు ఆ గోడ అలకొద్దు. అలికితే మందు మట్టి కింద పడిపోతది.

హక్కు సంగతి కూడా మరవొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. వాటిని సేకరించుకునే హక్కు మనదని రాసింది. వ్యక్తి పట్టాల కోసం మనం తిరిగినంతగా సామూహిక హక్కుల కోసం తిరగలేదు. గ్రామసభలో మన వయసు వాళ్లం కూర్చొని ఆ దరఖాస్తు రాయాలె. చదువు వచ్చింది ఇందుకే కదా.

అవ్వ ఇల్లు ఇంకా కూలగొట్టలేదు. కొత్తదానికి పక్క జాగాలో ముగ్గు పోసినం. కొత్త ఇంటి వంటగది పైకప్పు కింద ఒక వెదురు బొంగు అడ్డంగా పెట్టియ్యమని మేస్త్రీకి చెప్పినం, విత్తనాలు కట్టుకోవడానికి. అవ్వ విని, "ఇంకొంచెం కిందికి పెట్టుమను, నా చెయ్యి అందాలె" అన్నది.

మీరు ఈసారి ఇంటికి పోయినప్పుడు నిట్టాడిని, వాసాన్ని, చూరును మీ అవ్వ, తాత గోండిలో, కొలామీలో ఏమంటరో అడిగి ఈ పోస్టు కింద రాయండి. మా ఐదుగురికి కలిపి సగం పేర్లు కూడా రాలేదు.