రాతినేలలో మరుగుదొడ్డి

రాయదుర్గం కొండకింది ఊరు. విజయనగర కాలపు కోటను మోస్తున్న రాయే ఊరి అడుగునా పరుచుకుని ఉంది. చాలాచోట్ల కాస్త ఎర్రమట్టి తీయగానే గరుసు, ఆ కింద కటిక రాయి తగులుతాయి. అనంతపురం సీమలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లు. కడగడానికి నీళ్ళు చాలవు, ఆ నీళ్ళు ఇంకడానికి మట్టి చాలదు. ఇక్కడి మరుగుదొడ్డి కథంతా ఈ రెండు కరువుల మధ్యే నడిచింది.

పూర్వం పేడ, ఇంటి ఊడ్పు పెంటదిబ్బకు చేరి, వేసవిలో బండ్ల మీద చేనికి పోయేవి. మనుషులు మాత్రం చెంబు పట్టుకుని బయలుకు పోయేవాళ్ళు. చీకటి పడితే తప్ప వెళ్ళే వీలులేని ఆడవాళ్ళు పగలంతా ఓర్చుకునేవారు.

రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1884లో జిల్లా మున్సిపాలిటీల చట్టం తెచ్చిన కాలంలో పట్టణాల్లో పాకీదొడ్లు స్థిరపడ్డాయి. కాళ్ళు పెట్టుకోను రెండు రాళ్ళు, మధ్యలో బూడిద చల్లిన నేల, వెనకగోడలో చిన్న కంత. తెల్లవారకముందే ఆ కంతలోంచి రేకుముక్కతో గీకి, గంపలోకి ఎత్తి, నెత్తిన మోసుకుపోయేవారు. అంటరానివాళ్ళన్న ముద్ర వేసిన కులాల మీద, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్ళ మీద, ఈ పని పడింది. ఊరి శుభ్రత వాళ్ళ ఒంటి మీద నిలిచిందని చెప్పకుండా ఈ చరిత్ర రాయడం అన్యాయం.

పాకీదొడ్డి స్థానంలోకి వచ్చిన సెప్టిక్ ట్యాంకు పరాయి దేశంలో పుట్టింది. ఫ్రాన్సులో లూయీ మూరా ఇలాంటి తొట్టికి 1881లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో 1890లలో డొనాల్డ్ కామెరాన్ దానికి ఈ పేరు పెట్టాడు. బురద అడుగుకు దిగుతుంది, తెట్టె పైకి తేలుతుంది, నడిమి నీరు ఇంకుడు గుంతకు పోతుంది. తొట్టి చేసేది సగం పనే; మిగతా సగం మట్టి చేయాలి. రాయి అడ్డుపడిన చోట గుంత నిండి, నీరు వీధికాలువలోకి పొర్లుతుంది, లేదా రాతి పగుళ్ళ గుండా బోరు నీళ్ళలో కలుస్తుంది.

ఈ చిక్కుకే అమెరికాలో దిబ్బ పద్ధతి వచ్చింది. 1940లలో ఉత్తర డకోటాలో మొదలైన దాన్ని 1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తీర్చిదిద్దింది. నేల మీద ఇసుక దిబ్బ పోసి, దానిపై కంకర పరిచి, చిల్లుల గొట్టాలతో కొద్దికొద్దిగా నీరు వదులుతారు. దిబ్బ మీద గడ్డి పెంచవచ్చు. చెట్లు నాటకూడదు, పశువులనూ బండ్లనూ ఎక్కనివ్వకూడదు. అణిగిన ఇసుకలో నీరు దిగదు. రాయదుర్గం లాంటి రాతినేలకు ఇది సరిపోయే ఉపాయమే. కానీ గోడకు గోడ ఆనుకున్న వీధుల్లో అంత చోటు దొరకదు. అందుకే ఇక్కడ తొట్టిని వేళకు తోడించడమే ముఖ్యం. రెండు మూడేళ్ళకోసారి తోడించకపోతే బురద పేరుకుని గుంతను పూడ్చేస్తుంది.

తోడే పనీ మొదట్లో మనుషులదే. మూత తీసి దిగినవాళ్ళను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణాల్లో పడగొట్టేది. 1993 చట్టం పాకీదొడ్లను నిషేధించింది. 2013 చట్టం రక్షణ సరంజామా లేకుండా ట్యాంకుల్లోకి మనుషులను దించడాన్నీ నేరం చేసింది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని ముప్ఫై లక్షలకు పెంచింది.

ఇప్పుడు గొట్టంతో బురద పీల్చే ట్యాంకర్లు వచ్చాయి. ఆ బురదను ఎక్కడ పారబోయాలన్న ప్రశ్నకు 2017 జాతీయ విధానం శుద్ధి కేంద్రాలను చూపింది. వరంగల్‌లో అలాంటి కేంద్రం ఏర్పడింది. ఈ కేంద్రాల్లో నీటిని విడదీసి, బురదను ఆరబెట్టి, రోగక్రిములు చచ్చాక ఎరువుగా మారుస్తారు.