పంది తిత్తి నుంచి చేపల తొట్టి దాకా: ఆర్వో కథ

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకుని, దానికోసం చిన్న ఆర్వో ఫిల్టర్ బిగించుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఏ గొట్టంలో ఏముందో, ఏది ఎప్పుడు మార్చాలో అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. దాని చరిత్ర తెలిస్తే ఆ లెక్క దానంతటదే అర్థమవుతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మనకు తెలిసిన విషయమే. మామిడి ముక్కకు ఉప్పు తగిలితే నీరు ఊరుతుంది. యూరియా ఎక్కువైతే మొక్క మాడిపోతుంది. రెండుచోట్లా జరిగేది ఒకటే: పలచని పొర దాటి, నీళ్లు ఉప్పు ఎక్కువున్న వైపుకి పోతాయి. దీన్నే ఆస్మాసిస్ అంటారు. 1748లో ఫ్రాన్సులో జాన్ ఆంత్వాన్ నోలే అనే ఆయన ఒక పాత్రలో సారాయి సత్తు నింపి, మూతికి పంది మూత్రపు తిత్తి బిగించి నీళ్లలో ముంచాడు. నీళ్లు లోపలికి పోయి తిత్తి ఉబ్బింది. శాస్త్రంలో దీని కథ అక్కడ మొదలైంది.

ఉప్పునీటి వైపు నుంచి గట్టిగా ఒత్తిడి పెడితే ఈ దారి తిరగబడుతుంది. నీళ్లు ఇవతలికొస్తాయి, ఉప్పు అక్కడే ఆగిపోతుంది. రివర్స్ ఆస్మాసిస్ అంటే ఇంతే. చెప్పుకోవడానికి తేలికే గానీ, అందుకు తగిన పొర దొరకడానికి రెండువందల ఏళ్లు పట్టింది.

1950ల్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపగలదని చూపించింది. కానీ నీళ్లు చుక్కలు చుక్కలుగానే వచ్చేవి. ఆ తర్వాత లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి పనిచేశారు. పొరను ఒకవైపు తిప్పి పెడితే ఉప్పు ఆగుతోంది, రెండోవైపు తిప్పితే ఆగడం లేదు. ఆ తేడాను పట్టుకుని, పైన అతి పలచని చర్మం, కింద స్పాంజిలాంటి ఆధారం ఉండే పొరను వాళ్లే తయారుచేశారు. నీళ్ల ధార ఎన్నో రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కొలింగా ఊళ్లో ఆ పొరతోనే జనానికి తాగునీళ్లిచ్చారు. అంతకుముందు ఒకప్పుడు ఆ ఊరికి తాగునీళ్లు రైల్లో వచ్చేవి.

ఇక్కడ ఒక చిక్కుంది. సెల్యులోజ్ పొరను సూక్ష్మజీవులు తినేస్తాయి. 1970ల చివర్లో జాన్ కాడోట్ పాలిఅమైడ్ పొర తెచ్చాడు. దాన్ని సూక్ష్మజీవులు తినలేవు, ఉప్పును ఇంకా బాగా ఆపుతుంది. ఇవాళ మీ ఇంట్లో ఉన్నది దాని వారసురాలే. కానీ దీనికో శత్రువుంది: క్లోరిన్. పాత పొర కాస్తోకూస్తో క్లోరిన్‌ని ఓర్చుకునేది, ఇది అసలే ఓర్చుకోదు.

మీ ఫిల్టర్లో మెంబ్రేన్ కంటే ముందు బొగ్గు గొట్టం ఎందుకుందో ఇప్పుడు తెలిసిందా? మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్‌ని ఆపడానికి. బొగ్గు అయిపోతే ముందు పాడయ్యేది ఖరీదైన మెంబ్రేనే. ఇక అన్నిటికంటే ముందుండే తెల్ల గొట్టం మట్టి, తుప్పు పట్టుకోవడానికి. బోరు నీళ్లకు క్లోరిన్ గొడవ లేదు గానీ, సున్నం, ఇనుము పొరమీద పేరుకుంటాయి.

అందుకే ఈ మూడు పనులు చేయండి. ముందు గొట్టాలు రెండూ ఆరునెలలకోసారి మార్చండి, మట్టి ఎక్కువైతే ఇంకా ముందే. నెలకోసారి టీడీఎస్ మీటరుతో లోపలికెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ కొలిచి రాసుకోండి. 800 పోయి 40 వస్తే పొర 95 శాతం ఆపుతున్నట్టు. 160 దాటితే 80 శాతం కంటే తగ్గినట్టు, మార్చే టైమొచ్చినట్టే. వాడకం ఆపినా మెంబ్రేన్‌ని ఎండనివ్వకండి.

ఇంకో మాట. ఆర్వో నీళ్లు ఒక్కటే తొట్టిలో పోయకండి. ఉప్పుతోపాటు పీహెచ్‌ని నిలబెట్టే క్షారం కూడా పోతుంది. పీహెచ్ ఒక్కసారిగా పడిపోతే చేపలు చచ్చిపోతాయి. మామూలు నీళ్లు (క్లోరిన్ తీసినవి) కొంత కలపండి, లేదా తొట్టికి అమ్మే ఖనిజ లవణాలు కలపండి.

చివరిగా మన రైతు లెక్క. చాలా చిన్న ఫిల్టర్లలో ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు బయటికి పోతాయి. 800 టీడీఎస్ నీళ్లయితే ఆ వృథా నీళ్లు 1,050 దగ్గర ఉంటాయి. గచ్చు కడగడానికి, బాత్రూముకి భేషుగ్గా పనికొస్తాయి. కుండీ మొక్కలకు మాత్రం రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది. 1937లోనే నెల్లూరు జిల్లాలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తోందని గుర్తించారు. నల్గొండ బాధ మనందరికీ తెలిసిందే. మంచినీళ్ల విలువ మనకంటే ఎవరికి బాగా తెలుసు? నాలుగు చేపల కోసమైనా సరే, బోరు నుంచి తోడిన నీళ్లు కాలవపాలు కానివ్వకండి.

మీ ఫిల్టర్లో లోపలికి ఎంత పోతోంది, బయటికి ఎంత వస్తోంది? ఇవాళే కొలిచి కింద రాయండి.