పుస్తకములోని ఉదాహరణను సరిచూచే సాధనము

పలాసలో జీడిపిక్కల వర్తకుడు ఒకడున్నాడనుకొందాము. అతని దగ్గర 250 కిలోల పిక్కలున్నవి. నాలుగింట ఒక వంతు పప్పు దిగుతుందని అతని అంచనా. ఈ లెక్కను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో 250 / 4 అని వ్రాయవచ్చు. ఇరవయ్యేళ్ళ క్రిందట యంత్రము దీనికి 62 అని జవాబు చెప్పేది. నేడు అదే ప్రశ్న వేస్తే 62.5 అంటున్నది. ఆ అరకిలో పప్పు ఇన్నాళ్ళు ఎక్కడ ఉన్నట్లు?

పూర్ణాంకమును పూర్ణాంకముతో భాగించినప్పుడు భిన్నమును విడిచిపెట్టే ఆచారము పైథాన్ 2వ రూపములో ఉండేది. 2008 డిసెంబరు 3న వెలువడిన 3వ రూపములో ఆ ఆచారమును మార్చారు. పాత పుస్తకము వ్రాసిననాడు అందులోని జవాబు సరియైనదే. కాని సోంపేటలో ఆ పుస్తకము ముందు పెట్టుకొని అభ్యాసము చేసే విద్యార్థికి ఈ చరిత్ర తెలియదు. అచ్చులో ఉన్నది తప్పు కాదని అతని నమ్మకము. కనుక తప్పు తనదే అనుకొంటాడు. ఇటువంటి నిరుత్సాహమును ఉపాధ్యాయులు ఎరుగనివారు కారు.

అచ్చుపట్టికలను మనుష్యుల కన్నులతో సరిచూడడము ఎంత విసుగైన పనియో ఛార్లెస్ బాబేజ్‌కు 1821లోనే తెలిసింది. మిత్రుడు జాన్ హెర్షెల్‌తో కూర్చొని ఖగోళ గణితపు పట్టికలను పోల్చి చూస్తూ, ఈ లెక్కలు ఆవిరియంత్రము చేస్తే ఎంత బాగుండునని అన్నాడట. 1984లో డొనాల్డ్ నూత్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ప్రోగ్రామును, దాని వివరణను ఒకే గ్రంథముగా వ్రాయవలెనని ప్రతిపాదించాడు. అయినా, వివరణలోని ఉదాహరణ ఈనాటికీ నిజమేనా అని అడిగి చూచే పని మిగిలే ఉన్నది.

పైథాన్‌లో ఆ పనికి పూనుకొన్నవాడు టిమ్ పీటర్స్. 1999లో ఆయన వ్రాసిన సాధనము పేరు డాక్‌టెస్ట్. 2001 ఏప్రిల్‌లో, 2.1తో పాటు అది భాషలో చేరిపోయింది. ఉపాయము చాల సులువైనది. పైథాన్‌తో మనము ఎదురుబొదురుగా మాట్లాడేటప్పుడు పంక్తి మొదట మూడు బాణపు గుర్తులు కనిపిస్తవి. వాటి ప్రక్కన ప్రశ్న టైపు చేస్తే క్రింది పంక్తిలో జవాబు వస్తుంది. ఈ సంభాషణను ఉన్నదున్నట్లుగా వివరణలో పెట్టితే చాలు. డాక్‌టెస్ట్ ఆ గుర్తులను వెదకి, ప్రశ్నను మరల యంత్రానికి వేసి, వచ్చిన జవాబును వ్రాసి ఉన్న జవాబుతో అక్షరము అక్షరముగా పోల్చుతుంది. తేడా కనిపిస్తే రెండింటినీ మన ముందు పెడుతుంది.

అక్షరము అక్షరముగా అన్నచోటనే చిక్కంతా ఉన్నది. 2003లో 2.3 వచ్చినప్పుడు, అవును కాదు అనే అర్థములో 1, 0 అని చెప్పే చోట్ల యంత్రము ట్రూ, ఫాల్స్ అని చెప్పసాగింది. పాత ఉదాహరణలు పరీక్షలో తప్పవలసినదే! అందుచేత డాక్‌టెస్ట్‌కు కొంత ఔదార్యము నేర్పారు: 1 అని వ్రాసి ఉన్నచోట ట్రూ వచ్చినా ఒప్పుకొంటుంది. ఆ సడలింపు నేటికీ ఉన్నది. 2004 నవంబరులో వచ్చిన 2.4 కోసము సాధనమును చాలవరకు తిరిగి వ్రాశారు. ఖాళీల హెచ్చుతగ్గులను పట్టించుకోకుండ ఉండడము, మాటిమాటికి మారే భాగమునకు బదులు మూడు చుక్కలు పెట్టనివ్వడము అప్పుడు వచ్చినవే. ఈ చుక్కలు మంచి వసతియే గాని, జవాబంతా చుక్కలే పెట్టినవాడు పరీక్ష పెట్టనట్లే లెక్క.

దశాంశముల సంగతి ఇంకా వింత. యంత్రము ద్విసంఖ్యామానములో లెక్కిస్తుంది గనుక పదవ వంతును ఖచ్చితముగా దాచుకోలేదు. 0.1 అని అడిగితే పాత పైథాన్ 0.10000000000000001 అని చూపేది. 2009లో 3.1, 2010లో 2.7 వచ్చినప్పటి నుండి ఆ విలువను గుర్తుపట్టడానికి చాలినన్ని అంకెలనే చూపుతున్నది. లోపలి విలువ అదే. పైకి కనిపించే తీరు మారినందుకే ఉదాహరణలు తప్పినవి. 2018లో న్యూమ్‌పై అనే గణిత సామగ్రి 1.14లోనూ సంఖ్యలను చూపే తీరు మారింది. కావలసినవారికి పాత తీరులో చూపే వెసులుబాటు కూడ ఇచ్చారు.

2వ రూపములోని ప్రోగ్రాములను 3వ రూపములోకి మార్చడానికి టూ టు త్రీ అనే మరొక సాధనము ఉండేది. వివరణలలోని ఉదాహరణలను మాత్రమే దిద్దుమని కూడ దానికి చెప్పవచ్చు. పని తీరిపోయినందున 2024 అక్టోబరులో 3.13తో దానిని తొలగించారు. ప్రింట్ అనే మాట తరువాత కుండలీకరణములు చేర్చడము వంటివి అది చక్కగా చేసేది. మన జీడిపిక్కల భాగహారము జోలికి మాత్రము పోయేది కాదు. వ్రాసినవాడు భిన్నమును కోరాడో, విడిచిపెట్టదలచాడో అది ఎట్లా ఎరుగును?

అక్కడ పట్టుకోవలసినది డాక్‌టెస్టే. 62 ఉండవలసినచోట 62.5 వచ్చినదని అది చెపుతుంది. అప్పుడు దిద్దుబాటుకు దారులు రెండు. జవాబును 62.5గా మార్చవచ్చు, లేదా ఏటవాలు గీత ఒకటికి బదులు రెండు పెట్టి, భిన్నమును విడిచే భాగహారముగా ప్రశ్ననే మార్చవచ్చు. ఏ దారి పట్టినా ఆ తరువాత డాక్‌టెస్ట్ సరే అంటుంది. ఏది సరియైనదో తెలియాలంటే మాత్రము పలాస వర్తకుణ్ణి అడగవలసిందే.