ఊరికీ పట్టణానికీ నడుమ ఆదోని సీమ

పట్టణవాసం మేలా, పల్లెవాసం మేలా అన్న ప్రశ్నను మన సాహిత్యం ఎక్కువగా కృష్ణా గోదావరుల కాలువగట్ల మీద నిలిచి వేసుకున్నది. ఏటా రెండు కార్లు పండే మాగాణి పక్కన పుట్టినవారికి పల్లె ప్రశాంతంగానూ పట్టణం రద్దీగానూ తోచడం సహజం; తిండికి లోటు లేనిచోట గాలిని, వెన్నెలను, తీరికను తూచి చూసుకునే అవకాశం ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి కొసన, ఉత్తరాన తుంగభద్ర, పడమట కన్నడసీమ హద్దులుగా, నల్లరేగడీ ఎర్రనేలా కలగలిసిన మెట్టభూముల నడుమ, ముప్పై కిలోమీటర్ల ఎడంలో నిలిచిన ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల పరిసరాలలో ఈ ప్రశ్న అభిరుచికి సంబంధించినదిగా ఎన్నడూ లేదు. వాన కురిసిన ఏడు పల్లె ఆకర్షణీయం, కురవని ఏడు పట్టణం అనివార్యం. ఈ రెండింటి మధ్య ఇక్కడి మనుషులు తిరుగాడిన తీరును కొన్ని శతాబ్దాల వెడల్పులో చూస్తేగాని ఎవరు దేనిని కోరుకున్నారో, ఎవరికి కోరుకునే వీలే లేకపోయిందో తేటపడదు.

ఆదోని మొదట దుర్గం, తరువాత పట్టణం. అయిదు కొండలను చుట్టుకొని ఉన్న ఆ కోట విజయనగర ప్రభువులకు కృష్ణా తుంగభద్రల అంతర్వేది మీద నిఘా పెట్టే కన్నుగా ఉండి, 1565 నాటి పరాజయం తరువాత కొద్ది సంవత్సరాలకే బిజాపురం సుల్తానుల వశమైంది. పదిహేడవ శతాబ్ది ఉత్తరార్ధంలో బిజాపురం పక్షాన దానిని ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు నేటికీ ఊరికి అలంకారం. ఆ కాలపు పట్టణమంటే ప్రధానంగా దర్బారు, దండు, వాటిని నమ్ముకున్న వర్తకులు, వృత్తికారులు. చుట్టుపట్ల పల్లెలు జొన్నలను, పశువులను, శిస్తును పంపేవి, ప్రతిగా పొందినది బహుశా రక్షణ మాత్రమే, అదీ అన్నివేళలా కాదు. మంత్రాలయ మఠ సంప్రదాయంలో నిలిచిన ఒక కథ ఆనాటి ఊహాలోకాన్ని చక్కగా పట్టి ఇస్తుంది. చదువు రాని వెంకన్న అనే పల్లె కుర్రవాడు రాఘవేంద్రస్వామి అనుగ్రహం వల్ల నవాబుకు వచ్చిన లేఖను చదివి వినిపించి ఆదోని దివాను అయ్యాడనీ, ఆ తరువాత నవాబు సారవంతమైన గ్రామాలను ఇవ్వజూపినా స్వామి వాటిని కాదని తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల అనే మారుమూల పల్లెను కోరి, 1671లో అక్కడనే బృందావన ప్రవేశం చేశాడనీ ఆ కథ చెబుతుంది. ఇందులోని విశేషాలన్నిటికీ లిఖిత సాక్ష్యం అడగడం భావ్యం కాదు. అయితే ఒకే కథలో ఒకరు పల్లె నుంచి పట్టణానికి ఎదగడాన్నీ, మరొకరు పట్టణపు సంపద నుంచి పల్లెకు తరలడాన్నీ రెండు వరాలుగా చెప్పుకున్న జనం, ఆ రెండు దారుల విలువనూ ఎరిగినవారని మాత్రం ఒప్పుకోవాలి.

1688లో కోట మొగలుల పాలైంది. తరువాత ఆసఫ్‌జాహీ వంశీయుడైన బసాలత్‌జంగ్‌కు జాగీరైంది. 1786లో టిప్పు సుల్తాను దానిని ముట్టడించి గెలిచి, బురుజులను పడగొట్టించి ఫిరంగులను తరలించాడు. 1800లో నిజాము దత్తం చేసిన జిల్లాలతోపాటు అది ఇంగ్లీషు కంపెనీ అధీనంలోకి వచ్చే నాటికి దుర్గానికి సైనిక ప్రయోజనం తీరిపోయింది, దర్బారు చెదిరిపోయింది. ఇటువంటి స్థితిలో ఎన్నో కోటలు శిథిలాలై కథ ముగించాయి. ఆదోని అలా ముగియలేదు. కొండ కింది పేట కోట కన్న ఎక్కువ కాలం బ్రతికింది.

అందుకు మొదటి కారణం శిస్తు పద్ధతి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాండ్రను అణచి, భూములను కొలిపించి, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే రైత్వారీ విధానానికి ఇక్కడ రూపం ఇచ్చాడు. మధ్యవర్తుల దోపిడీ నుంచి రైతును తప్పించాలన్న అతని సంకల్పం నిజాయితీ గలదే. శిస్తు భారమైనదని అతనే గుర్తించి తగ్గించమని సిఫారసు చేసిన మాటా నిజమే. ఐనా రొక్కంగా శిస్తు కట్టవలసిన రైతు రొక్కం తెచ్చే పంట వేయక తప్పదు. నల్లరేగడిలో రొక్కం తెచ్చే పంట పత్తి. పత్తిని కొనేవాడు పేటలో ఉంటాడు. ఈ విధంగా ఏ దర్బారూ చేయనంత గట్టిగా పల్లెను పట్టణానికి కట్టిపడవేసినది కచ్చేరీ లెక్కల పుస్తకమే.

రెండవ కారణం దూరదేశపు యుద్ధం. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో సాగిన అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు దూది కరువైనప్పుడు, బళ్ళారి ప్రాంతపు పత్తికి మునుపెన్నడూ లేని వెల పలికింది. వర్తక భాషలో ‘వెస్టర్న్స్’ పేరుతో చెలామణీ అయిన ఆ పత్తికి ఆదోని ఒక ముఖ్యమైన కూడలి. 1865లో ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది; 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు చేరిన రైలుమార్గం ఆదోని మీదుగానే సాగింది, రాయచూరులో బొంబాయి మార్గంతో కలిసింది. అంతకు ముందు ఎద్దుబండ్ల మీద వారాల తరబడి నడిచిన సరుకు ఇకమీద రెండు మహానగరాలకూ రోజుల్లో చేరింది. అయితే యుద్ధం ముగియగానే వెల పడిపోయిందనీ, వెల ఉన్నప్పుడు పెరిగిన ఆశలను, అప్పులను రైతు ఒంటరిగా మోయవలసి వచ్చిందనీ మరువరాదు.

ఆ బరువు దిగకముందే 1876లో వానలు తప్పాయి. రెండేళ్ళపాటు సాగిన ఆ ధాతు కరువు దక్షిణాపథమంతటినీ కుదిపినా, బళ్ళారి, కర్నూలు జిల్లాల పాలిట అది ప్రళయమే. ఆనాడు ఆదోని తాలూకా అంతర్భాగమై ఉన్న బళ్ళారి జిల్లా జనాభా 1871కీ 1881కీ మధ్య సుమారు అయిదోవంతు తగ్గిపోయింది. రైలు ఉన్నదిగదా, ధాన్యం రాలేదా అంటే వచ్చింది, స్టేషనుదాకా వచ్చింది. అక్కడి నుంచి పల్లెకు చేర్చవలసిన ఎద్దులు మేత లేక అప్పటికే చచ్చిపోయాయి, బ్రతికిన వాటికి దారిపొడుగునా నీళ్ళు లేవు. కొనడానికి చేతిలో కాసు లేనివాడికి స్టేషనులో బస్తాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ధాన్యం జనాన్ని చేరలేక, జనమే ధాన్యాన్ని వెదుక్కుంటూ పట్టణాలకు, సహాయ శిబిరాలకు నడిచారు. ఈ సీమలో ఇంటికి తాళం వేసి బయలుదేరడమనే అలవాటు ఎంత పాతదో నిర్ణయించలేం. కాని దానికి భయంకరమైన స్థిరత్వాన్ని ఇచ్చినది ఈ కరువేనని నా అభిప్రాయం. పట్టణం మీద పల్లెజనానికి ఏర్పడిన నమ్మకంలో ఆకర్షణ కన్న ఆకలి పాలు ఎక్కువ.

కరువు తరువాతి అర్ధశతాబ్దిలో ఆదోని మరల తేరుకున్నది. 1901 జనగణనలో అక్కడ 30,416 మంది ఉన్నారు. తివాసీలకు, పట్టు నూలు వస్త్రాలకు, దూది గింజ వేరుచేసి బేళ్ళు కట్టే కర్మాగారాలకు అది పేరుపొందింది. క్రమంగా వేరుశనగ నూనె మిల్లులూ వచ్చాయి. వర్తకపు సందడిని చూసి జనం దానిని రెండో బొంబాయి అని పిలుచుకున్నారు. ఆ పిలుపులో అతిశయోక్తి ఉన్నది, ఆధారమూ ఉన్నది. నేటికీ రాష్ట్రంలో పత్తి విక్రయానికి ఆదోని మార్కెట్ యార్డుదే పెద్ద పేరు. కోతకాలంలో తెల్లవారకముందే బండ్లు, ఆటోలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కుప్పగా పోసిన పత్తిలోకి వ్యాపారి మోచేతిదాకా చెయ్యి దూర్చి, పైన ఎండినది కాక అడుగున తేమగా ఉన్న గుప్పెడు లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పింజను మెల్లగా సాగదీసి, తెగేదాకా చూస్తాడు. పక్కన నిలబడ్డ రైతు చూపు పత్తి మీద ఉండదు, అతని ముఖం మీద ఉంటుంది. ఇప్పుడు ధర కంప్యూటరులో టెండరుగా పడుతున్నా ఆ ముఖం వైపు చూడడం మానలేదు. ఆర్నెల్ల కష్టం విలువ క్షణంలో తేలే ఈ స్థలమే పల్లెవాసికి పట్టణమంటే. చేతిలో డబ్బు పడినవేళ అది బట్టల అంగళ్ళ, సినిమా హాళ్ళ, హోటళ్ళ ఊరు. ధర పడిపోయినవేళ అదే వీధుల గుండా ఖాళీ బండి తిరిగిపోతుంది.

ఎమ్మిగనూరు చరిత్ర మరొక దారి పట్టింది, నా దృష్టిలో ఈ సీమ చరిత్రలో అత్యంత విలువైన ప్రయోగం అదే. అది నేతగాళ్ళ ఊరు. ఆదోనిలో పత్తి రాజ్యమేలుతున్నా, ఎమ్మిగనూరు నేతగానికి నూలు ఎక్కడో దూరపు మిల్లుల నుంచి షావుకారి చేతిమీదుగా రావలసిందే. నూలు ఇచ్చేవాడూ అతడే, గుడ్డ తీసుకునేవాడూ అతడే, వెల చెప్పేవాడూ అతడే. పక్క పొలంలో పండిన పత్తి బొంబాయికి వెళ్ళి, నూలై, అప్పుగా మారి తిరిగి గుంటమగ్గం ముందుకు వచ్చేది. ఈ చక్రాన్ని తెంచడానికి 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించాడు. సంఘమే నూలును టోకున కొని సభ్యులకు ఇస్తుంది, నేసిన దుప్పట్లను, తువాళ్ళను, తెరగుడ్డలను తానే తీసుకొని కూలి కట్టి, పెద్ద నగరాలలో తానే అమ్ముతుంది. చెప్పడానికి ఇది సులభం; ఏనాడూ లెక్క చూసుకోనివ్వబడని నేతగాళ్ళను తమ లెక్క తామే చూసుకునే స్థితికి తేవడం సులభం కాదు. సంఘం పెరిగి దేశమంతటా పేరుపొందింది, మగ్గాలకు చోటుండే ఇళ్ళతో నేతగాళ్ళ కాలనీ వెలసింది, సోమప్పకు పద్మశ్రీ లభించింది. నగరానికి వెళ్ళకుండానే నగరపు గిరాకీని, నగరపు కూలిని మగ్గం దగ్గరికి రప్పించడమే ఈ ప్రయత్నపు సారాంశం. నేతగాడు ఊళ్ళోనే ఉన్నాడు, జనవరిలో నీలకంఠేశ్వరస్వామి తేరు లాగడానికి సొంత వీధిలోనే ఉన్నాడు, పిల్లవాడు నడిచి బడికి వెళ్ళాడు.

ఆ వైభవం నిలువలేదు. మరమగ్గాల పోటీ, నూలు ధరల ఎగుడుదిగుళ్ళు, ప్రభుత్వ కొనుగోళ్ళ మీద మితిమీరి ఆధారపడడం, సహకార వ్యవస్థలోకి రాజకీయాలు ప్రవేశించడం వంటి కారణాలు దేశంలోని అనేక చేనేత సంఘాల వలెనే దీనినీ క్షీణింపజేశాయి. 1985లో కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ పార్లమెంటు చేసిన చట్టం అమలులో బలహీనంగా మిగిలింది. కారణాలలో దేని వాటా ఎంతో చెప్పడం కష్టమే. మారిన అభిరుచినీ నిందితుల జాబితాలో చేర్చవచ్చు, కాని చవకగా దొరికే గుడ్డను కొన్న పేదవాణ్ణి తప్పుపట్టలేం. నిర్వివాదమైనది ఒకటున్నది. పల్లెకూ పట్టణానికీ మధ్య ఇక్కడ ఒక నడిమి స్థితి సాధ్యమని కనీసం రెండు తరాలపాటు రుజువైంది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడిపడి కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్ళారి పట్టణం మైసూరుకు పోయింది. శతాబ్దాలుగా ఈ ప్రాంతానికి సహజమైన పెద్ద పట్టణంగా ఉన్న బళ్ళారి ఒక్కనాటిలో పొరుగురాష్ట్రమైంది, వంద కిలోమీటర్ల దూరాన ఉన్న కర్నూలు జిల్లా కేంద్రమైంది. భాషా ప్రాతిపదిక న్యాయమైనదే, ఐనా సరిహద్దు పల్లెలు రెండు పాలనలకూ చివరి పల్లెలయ్యాయన్న బాధలో అసత్యం లేదు. అదే సమయంలో హొస్పేట వద్ద పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట ఒక గొప్ప ఆశను తెచ్చింది. దాని దిగువ కాలువ కర్ణాటకలో సుదీర్ఘంగా ప్రవహించి ఈ మండలాలకు చేరి, సుమారు ఒకటిన్నర లక్షల ఎకరాలను తడపాలి. కాలువ పైభాగాన నీళ్ళు విరివిగా వాడుకోవడం, జలాశయంలో పూడిక పెరగడం వల్ల చివరి భూములకు ఆ లెక్క కాగితం మీదనే ఎక్కువగా నిలిచింది.

ఫలితమే సుగ్గి అనే వలస. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, హొళగుంద మండలాలలో ఖరీఫు చేతికి రాని ఏడు, పత్తి తీతకూ మిరప కోతకూ కుటుంబాలు గుంటూరు వైపు సాగుతాయి. మేస్త్రీ ముందుగా ఇచ్చిన సొమ్ము ఇంటి అప్పుకు చెల్లిపోతుంది. మరునాడు లారీలో జొన్నపిండి, వంటపాత్రలు, టార్పాలిన్, కోళ్ళ గంప, వాటి మీద పిల్లలు. అరుగుల మీద ముసలివాళ్ళు. గుంటూరు చేలో గుడారం వేసి ఉగాదిదాకా కిలోల లెక్కన కూలి తీసుకునే ఈ మనిషి నగరానికి వెళ్ళాడనలేం. ఒక పల్లె నుంచి నీళ్ళున్న మరొక పల్లెకు వెళ్ళాడు. బెంగళూరు, ముంబయి కట్టడాల పనికి వెళ్ళేవారు వేరు. వారు నగరాన్ని అందుకునేది దాని తట్ట కింద నుంచి, ఇటుకలు మోస్తూ. 2020 వసంతంలో లాక్‌డౌన్ పడినప్పుడు మిరప చేలలో చిక్కుకుపోయిన ఈ కూలీలు ఇంటికి చేరాలని తపించడం పల్లె మాధుర్యానికి నిదర్శనమని కొందరు రాశారు. అది తొందరపాటు. ఆ పల్లెలో వారి పేరున రేషను కార్డు ఉన్నది, బిడ్డను చూసుకునే అవ్వ ఉన్నది, అందుకే తపించారు. మరుసటి ఏడు పంట పోగా మరల లారీ ఎక్కారు.

దీనికి భిన్నమైన దృశ్యమూ ఇదే సీమలో ఉన్నది. కాలువ నీరు నమ్మకంగా అందే ఊళ్ళలో, బోర్లు నిలిచిన ఊళ్ళలో సుగ్గికి పోయే ఇళ్ళు తక్కువ. ఆ ఇళ్ళ పిల్లలు ఆదోని కళాశాలల్లో చదివి, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం వెదుక్కుంటారు. పండుగకు వచ్చి, ట్రాఫిక్కును నిందించి, జీతాన్ని మెచ్చుకొని తిరిగి వెళతారు. పట్టణం మేలా పల్లె మేలా అన్న చర్చ నిజంగా సాగేది వారి వసారాల్లోనే, రెండు వైపులా తలుపు తెరిచి ఉన్నందువల్ల. 2011 నాటికి ఆదోనిలో లక్షా అరవై వేలకు మించి, ఎమ్మిగనూరులో తొంభై అయిదు వేల మేర జనం చేరారు. వారిలో ఆ తలుపు గుండా వచ్చినవారెందరో, తరుమగా వచ్చినవారెందరో జనగణన పట్టికలు వేరుచేయవు.

2024 ఆగస్టులో తుంగభద్ర పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, కాలువ దిగువన ఉన్న ఈ మండలాల రైతులు ఆ వార్తను ఇంటి వార్తగా విన్నారు. వేదవతి ఎత్తిపోతల, గుండ్రేవుల జలాశయ ప్రతిపాదనల మీద ఎన్నికల తరువాత ఎన్నికలలో హామీలు వచ్చాయి. అవి పూర్తయిన ఏడు కోసిగి నుంచి లారీలు ఎన్ని బయలుదేరుతాయో, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర ఎందరు యువకులు ఇష్టపడి కూర్చుంటారో లెక్కించే అవకాశం తరువాతి చరిత్రకారునికి దక్కాలి.