కిలికి భాష

కిలికి ‘బాహుబలి: ది బిగినింగ్’ (2015) చిత్రంలో కాలకేయులనే క్రూర యోధజాతి మాట్లాడే కల్పిత భాష. దీన్ని రూపొందించినవారు తమిళ సినీ గీత రచయిత మదన్ కార్కీ. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో దీన్ని సిద్ధం చేశారు. ఆ చిత్రం షూటింగు 2013 జూలై 6న కర్నూలు–నంద్యాల దారిలోని ఓర్వకల్లు రాతివనాల్లో మొదలైంది.

కిలికి పుట్టుక మాత్రం యుద్ధరంగానికి చాలా దూరం. కార్కీ ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో పిల్లలతో కలిసి సరదాగా వందదాకా మాటలు అల్లి, ఆ భాషకు ‘క్లిక్’ అని పేరు పెట్టారు. తొలి మాటల్లోనే సర్వనామాలున్నాయి. ‘మిన్’ అంటే నేను, ‘నిమ్’ అంటే నువ్వు. ఒకదాన్ని తిరగేస్తే రెండోది వస్తుంది. మాట్లాడేవాడూ వినేవాడూ ఎదురెదురుగా నిలబడ్డ సంగతిని శబ్దంలోనే చూపించిన ఈ జత కిలికి మొత్తంలో అందమైన ఊహ. చిత్ర దర్శకుడు రాజమౌళి భయం పుట్టించే భాష కావాలని అడిగినప్పుడు కార్కీ ఈ పునాది మీదే పరుషమైన ధ్వనులు, నాలుక చప్పుళ్లు చేర్చారు. కాలకేయుల నాయకుడు ఇంకోశి పాత్రలో నటుడు ప్రభాకర్ గొంతు దానికి ప్రాణం పోసింది. ఆయన ‘కాలకేయ ప్రభాకర్’గానే జనానికి గుర్తుండిపోయారు.

కల్పిత భాష నిలుస్తుందో లేదో తేల్చేవి సర్వనామం, క్రియ. పేర్లు ఎన్నైనా పుట్టించవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎవరిని అన్నది చెప్పడమే కష్టం. తెలుగులో కర్త క్రియ చివరనే తెలిసిపోతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ‘పోతాండా’, ‘పోతాండావు’, ‘పోతాండాడు’ అంటే చాలు, నేను, నువ్వు, వాడు అని విడిగా చెప్పే పనిలేదు. ఆంగ్ల రచయిత టోల్కీన్ సృష్టించిన క్వెన్యా భాష కూడా సర్వనామాన్ని క్రియ చివర తగిలిస్తుంది. మన ‘మనం’, ‘మేము’ తేడా సైతం అందులో ఉంది. ‘స్టార్ ట్రెక్’ చిత్రాల కోసం మార్క్ ఓక్రాండ్ కూర్చిన క్లింగాన్‌లో క్రియకు ముందు చేరే ఒక్క ఉపసర్గే కర్తనూ కర్మనూ చెబుతుంది. దాని నిఘంటువు 1985లో వచ్చింది.

సినిమా తర్వాత గాయని స్మిత ‘బాహా కిలికి’ పాట పాడారు. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, కార్కీ కిలికి నేర్చుకోవాలనుకునేవారి కోసం లిపితో సహా వెబ్‌సైటు తెరిచారు.